ఏ బీమాకు డబ్బు పెట్టాలి, దేనికి వద్దు: మార్కెట్లో అమ్మే వ్యక్తిగత పాలసీల సమీక్ష

"కట్టిన డబ్బు చివర్లో వెనక్కి వస్తుందా అండీ?" బీమా మాట ఎత్తగానే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇది. అమ్మేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే వెనక్కి వచ్చే పాలసీలే ముందు చూపిస్తారు, మనమూ అవే కొంటాం. బీరువాలో నాలుగు బాండ్లు ఉంటాయి. కానీ సంపాదించే మనిషి పోతే ఆ నాలుగూ కలిపినా ఇల్లు రెండేళ్లు గడవని పరిస్థితి. అందుకని ఈ సమీక్షలో ప్రతి పాలసీనీ వేరే ప్రశ్నతో చూశాం: ఇంటి మీద పెద్ద దెబ్బ పడిన రోజు ఇది ఎంత ఇస్తుంది, ఏ మెలిక దగ్గర ఆగిపోతుంది? కంపెనీ పేర్ల జోలికి పోలేదు. ఒకే రకం పాలసీలో కంపెనీకీ కంపెనీకీ ఉండే తేడా కన్నా, రకానికీ రకానికీ ఉండే తేడా చాలా పెద్దది.

ధర విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. అంతకుముందు తీసుకున్న కొటేషన్ చేతిలో ఉంటే పక్కన పెట్టి కొత్తది అడగండి.

ముందు 456 రూపాయలవి

బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ రెండు చిన్న పాలసీలు అందుబాటులో ఉన్నాయి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరితే 55 ఏళ్ల వరకు సాగుతుంది. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు. సురక్షా బీమాకు 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వరకు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లో రెండు కాళ్లో రెండు చేతులో శాశ్వతంగా పోయినా 2 లక్షలు. ఒక కన్నో ఒక చెయ్యో ఒక కాలో పోతే లక్ష. రెండూ కలిపి ఏడాదికి 456 రూపాయలు. ఈ ధరకు ఇంత రక్షణ బయట దొరకదు. ఇంట్లో వయసు సరిపోయే ప్రతి మనిషికీ ఉండాల్సినవే.

ఇవి ఎక్కడ చెడతాయో కూడా తెలుసుకోవాలి. పాలసీ ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. మే ఆఖరులో ఖాతా నుంచి డబ్బు తీసుకుంటారు. ఆ వారంలో ఖాతాలో 500 లేకపోతే పాలసీ ఆగిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. జూన్ మొదటి వారంలో పాస్‌బుక్ ప్రింట్ వేయించి, రెండు కోతలూ పడ్డాయో లేదో చూడండి. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణానికే వర్తిస్తుంది. రెండు బ్యాంకుల్లో రెండు సార్లు చేరినా వచ్చేది ఒక్క 2 లక్షలే, రెండో ప్రీమియం వృథా.

సురక్షా బీమాలో మన పల్లెల్లో ఎక్కువగా చేజారేవి పాము కాటు, చెట్టు మీంచి పడటం లాంటి కేసులు. వీటికి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లిన రికార్డు ఉండాలి. మనిషి పోయాడన్న బాధలో ఆస్పత్రి చీటీ గానీ పోస్టుమార్టం గానీ లేకుండా అంత్యక్రియలు కానిచ్చేస్తే తర్వాత చూపించడానికి కాగితం ఉండదు. ఈ మాట ఊళ్లో నలుగురికీ ముందే చెప్పి ఉంచడం అవసరం.

తెలంగాణలో పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకు 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కూడా ఉంది. ప్రీమియం ప్రభుత్వానిదే, మరణం ఏ కారణంతో అయినా 5 లక్షలు. ఇక్కడ చేయాల్సిన పని ఒక్కటే: నామినీగా రాయించిన వ్యక్తి బతికే ఉన్నారా, ఆధార్‌లో పేరు, వయసు సరిగా ఉన్నాయా అన్నది వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర సరిచూసుకోవడం. పీఎఫ్ కట్టే ఉద్యోగులకు అలాంటిదే ఈడీఎల్ఐ. ఉద్యోగంలో ఉండగా చనిపోతే గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి, ఉద్యోగి జీతంలోంచి పైసా కోయరు. చాలామందికి ఇది ఉందనే తెలియదు. పీఎఫ్ సభ్యుల యూఏఎన్ పోర్టల్లో ఈ-నామినేషన్ పూర్తి చేసి ఉంటే కుటుంబం తిరగాల్సిన తిరుగుడు సగం తగ్గుతుంది.

టర్మ్ పాలసీ: సంపాదించేవాళ్లకు తప్పనిసరి

మనిషి పోతే డబ్బు ఇస్తుంది, బతికుంటే ఏమీ ఇవ్వదు. ఆ రెండో ముక్క వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ అందుకే ఇది ఇంత చౌక. పొగ తాగని 30 ఏళ్ల వ్యక్తికి 60 ఏళ్ల వరకు కోటి రూపాయల కవరేజీ సుమారు 10 వేల నుంచి 15 వేల మధ్య దొరుకుతుంది.

ఎంత కావాలి? జీతానికి పది రెట్లు, పదిహేను రెట్లు అని చెప్పేవి ఉజ్జాయింపులు. ఇంటి లెక్క వేసుకుంటే నిజం తేలుతుంది. ఉదాహరణకు కరీంనగర్‌లో ఉండే కుటుంబానికి నెల ఖర్చు 40 వేలు అనుకుందాం. ఏడాదికి 4.8 లక్షలు. చిన్న పిల్ల చేతికి రావడానికి, భార్య నిలదొక్కుకోవడానికి 20 ఏళ్లు అనుకుంటే 96 లక్షలు. వచ్చిన సొమ్ము మీద వడ్డీ, పెరిగే ధరలు ఒకదానికొకటి చెల్లిపోతాయని ఈ లెక్క. ఇంటి అప్పు 30 లక్షలు, పిల్లల చదువులకు 20 లక్షలు కలిపితే 1.46 కోట్లు. ఇప్పటికే ఉన్న పొదుపు, పీఎఫ్, ఈడీఎల్ఐ కలిపి 20 లక్షలు తీసేస్తే దాదాపు కోటీ పాతిక లక్షలు. కాబట్టి ఈ ఇంటికి 25 లక్షల పాలసీ ఏ మూలకూ చాలదు.

ఎప్పటి వరకు తీసుకోవాలి అన్నదానికి మా సమాధానం 60, మహా అయితే 65 ఏళ్లు. 99 ఏళ్ల దాకా కవరేజీ అని అమ్మేవాటికి ప్రీమియం బాగా ఎక్కువ. పిల్లలు స్థిరపడి అప్పులు తీరాక ఆ కవరేజీ అవసరమే ఉండదు. కట్టిన ప్రీమియం తిరిగిచ్చే టర్మ్ కూడా వద్దు. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చే ఆ డబ్బు విలువ ఎంత కరిగిపోయి ఉంటుందో ఆలోచించండి.

దరఖాస్తు దగ్గర జాగ్రత్త పడాలి, ఎందుకంటే క్లెయిం చెడిపోయేది అక్కడే. ఏజెంటు ఫారం నింపుతూ బీపీ, సుగర్, పాత ఆపరేషన్ ప్రశ్నలన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టేస్తుంటారు. సంతకం మనది కాబట్టి బాధ్యతా మనదే. పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే అనుకోవద్దు. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ అన్నీ చెప్పాలి. వైద్య పరీక్షలో మూత్రంలో కోటినిన్ (పొగాకు వాడితే ఒంట్లో మిగిలే పదార్థం) చూస్తే బయటపడుతుంది. నిజం చెబితే ప్రీమియం కొంత పెరుగుతుంది, అంతే. బాండుతో పాటు దరఖాస్తు ప్రతి కూడా వస్తుంది. వచ్చిన రోజే చదివి, తప్పుంటే రాతపూర్వకంగా సరిచేయించండి. నచ్చకపోతే 30 రోజుల్లోపు పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు. బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణం చూపించీ ప్రశ్నించడానికి వీల్లేదు. అయితే మొదటి మూడేళ్లలో మరణం సంభవిస్తే కంపెనీ పాత ఆస్పత్రి రికార్డులన్నీ తవ్వుతుంది.

వ్యాపారంలో అప్పులు చేసేవాళ్లు ఒక గడి మరిచిపోవద్దు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ కావాలని కొనేటప్పుడే టిక్ పెడితే, ఆ డబ్బు భార్యాపిల్లలదే. అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయించలేరు. పాలసీ వచ్చాక పెట్టాలంటే కుదరదు. ఒకసారి పెట్టాక లబ్ధిదారులను మార్చడమూ కుదరదు.

ఐటీ రిటర్నులు లేని ఆటోడ్రైవర్లకు, టైలర్లకు, చిన్న కొట్టు నడిపేవాళ్లకు మామూలు టర్మ్ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి. వాళ్ల కోసం 2021 నుంచి సరళ్ జీవన్ బీమా అన్ని కంపెనీల్లోనూ ఒకే నిబంధనలతో ఉంది. 5 లక్షల నుంచి 25 లక్షల దాకా తీసుకోవచ్చు. ప్రీమియం కొంచెం ఎక్కువ, మొదటి 45 రోజులు ప్రమాద మరణానికే వర్తిస్తుంది. అయినా ఈ వర్గానికి మేం గట్టిగా చెప్పేది ఇదే.

ఎండోమెంట్, మనీబ్యాక్: లెక్క వేసి చూపిస్తాం

మధ్యలోనో గడువు తీరాకో డబ్బు వెనక్కి ఇచ్చే పాలసీలు ఇవి. తిడితే సరిపోదు, అంకెలు కావాలి. 10 లక్షల బీమా, 20 ఏళ్ల ఎండోమెంట్, ఏడాదికి 50 వేల ప్రీమియం అనుకుందాం. బోనస్ వెయ్యికి 40 రూపాయలు. ఈ బోనస్ బీమా మొత్తం మీద లెక్కిస్తారు, వడ్డీ మీద వడ్డీలా పెరగదు. ఏడాదికి 40 వేలు, 20 ఏళ్లకు 8 లక్షలు. చివర్లో చేతికి 18 లక్షలు. కట్టింది 10 లక్షలు, వచ్చింది 18 లక్షలు అంటే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏటా ఎంత గిట్టిందో లెక్కేస్తే 5.3 శాతం దగ్గర తేలుతుంది.

అదే 50 వేలలో 12 వేలు పెట్టి కోటి రూపాయల టర్మ్ కొని, మిగిలిన 38 వేలు ప్రతి ఏడాదీ పీపీఎఫ్‌లో వేస్తే, 2020 ఏప్రిల్ నుంచి ఉన్న 7.1 శాతం వడ్డీయే కొనసాగితే 20 ఏళ్లకు దాదాపు 16.9 లక్షలు. చివరి మొత్తం లక్ష పైచిలుకు తక్కువ, నిజమే. కానీ ఐదో ఏట మనిషి పోతే ఎండోమెంట్ ఇచ్చేది 10 లక్షలు, దాని మీద 2 లక్షల బోనస్. రెండో దారిలో కోటి రూపాయలు, దానికి తోడు పీపీఎఫ్‌లో ఉన్న సొమ్ము. ఆ లక్ష రూపాయల తేడా కోసం 90 లక్షల రక్షణ వదులుకుంటున్నామా అన్నది చూసుకోండి. మేమైతే వదులుకోవద్దనే చెబుతాం. ఎవరైనా పోరితే తప్ప డబ్బు దాచలేని వాళ్లకు ఎండోమెంట్ ఒక క్రమశిక్షణ అనే వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. వాళ్లు కూడా ముందు టర్మ్ కొని ఆ తర్వాత దీని సంగతి చూడాలి.

ఇప్పటికే కడుతున్నవి ఉంటే ఆవేశంగా సరెండర్ (మధ్యలో పాలసీ వదిలేసి డబ్బు తీసుకోవడం) చేయొద్దు. కంపెనీని నాలుగు అంకెలు అడగండి: ఈ రోజు సరెండర్ విలువ, ప్రీమియం ఆపేసి పెయిడప్ చేస్తే (కట్టినదాని మేరకే పాలసీ ఉంచితే) గడువు తీరాక వచ్చేది, ఇంకా కట్టాల్సింది ఎంత, చివర్లో వచ్చేది ఎంత. నాలుగైదేళ్లలో ముగిసేవి మామూలుగా కొనసాగించడమే లాభం. గత ఏడాదీ రెండేళ్లలో కొన్నవి అయితే ఆపడమే మేలు కావచ్చు. 2024 అక్టోబరు నుంచి అమ్మే పాలసీల్లో ఒక ఏడాది ప్రీమియం కట్టినా కొంత సరెండర్ విలువ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. ఏది చేసినా, కొత్త టర్మ్ పాలసీ బాండు చేతికి వచ్చాకే పాతదాన్ని ముట్టుకోండి.

పిల్లల పేరు మీద అమ్మే పాలసీలకు మా ఓటు లేదు. బీమా ఉండాల్సింది సంపాదించే తల్లిదండ్రుల మీద.

ఇంటి అప్పుతో అంటగట్టే పాలసీ మరో రకం. అప్పు మంజూరు కావాలంటే ఇది తీసుకోవాల్సిందే అని కొన్నిచోట్ల చెబుతారు. అలా తప్పనిసరి చేసే నిబంధన లేదు. ఒకేసారి కట్టే 60 వేల ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తే, 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఆ ఒక్క ముక్కకే నెలకు 540 రూపాయలు, మొత్తం దాదాపు 1.3 లక్షలు కడతారు. పైగా అప్పు తగ్గేకొద్దీ కవరేజీ కూడా తగ్గిపోతుంది. మీ టర్మ్ పాలసీలో ఇంటి అప్పు లెక్క కలిసి ఉంటే ఇది అక్కర్లేదని రాసివ్వండి.

ఆరోగ్య బీమా: అందరికీ కావాలి, చదివి కొనాలి

అన్నిటికన్నా ఎక్కువ క్లెయింలు, ఎక్కువ గొడవలు ఇక్కడే. గొడవలకు మొదటి కారణం గది అద్దె పరిమితి. ఒక బిల్లు దగ్గర పెట్టుకుని చూద్దాం. 5 లక్షల పాలసీ, గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం, అంటే 5 వేలు. ఆస్పత్రిలో 8 వేల గది తీసుకున్నారు, నాలుగు రోజులు ఉన్నారు. గది అద్దె 32 వేలు. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1.2 లక్షలు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ కలిపి 80 వేలు. మొత్తం 2.32 లక్షలు.

గది తేడా రోజుకు 3 వేల చొప్పున 12 వేలే కదా, అది మనం కట్టుకుంటాం అనుకుంటారు. కానీ కంపెనీ 5 వేలను 8 వేలతో భాగించి 62.5 శాతం అనే నిష్పత్తిని సర్జన్ ఫీజు మీదా, థియేటర్ చార్జీల మీదా కూడా వేస్తుంది. గదికి 20 వేలు, 1.2 లక్షలకు 75 వేలు, మందులూ పరీక్షలూ ఇంప్లాంట్లకు నిబంధనల ప్రకారం కోత లేదు కాబట్టి 80 వేలు. వచ్చేది 1.75 లక్షలు. చేతి నుంచి పోయేది 57 వేలు. ఈ కోత గురించి తెలియక డిశ్చార్జి కౌంటర్ దగ్గర బంగారం తాకట్టు పెట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. కొనేటప్పుడే గది అద్దె పరిమితి లేని పాలసీ, లేదంటే కనీసం "సింగిల్ ప్రైవేట్ ఏసీ గది" అని రాసి ఉన్నది తీసుకోండి. పరిమితి ఉన్న పాలసీ ఇప్పటికే ఉంటే, చేరే రోజు బీమా డెస్కులో ఆ అద్దెలోపు గదే అడగండి. ఐసీయూ చార్జీల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆస్పత్రుల్లోనూ వేయకూడదు. వేస్తే ప్రశ్నించండి.

రెండో కారణం వెయిటింగ్ పీరియడ్. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. శుక్లాలు, హెర్నియా, పైల్స్, కిడ్నీలో రాళ్లు, గర్భసంచి, మోకాలి మార్పిడి లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్లు ఉండేది. ఐదేళ్లు నిరంతరాయంగా కట్టాక, మోసం రుజువైతే తప్ప దాచారన్న పేరుతో క్లెయిం కొట్టేయడానికి లేదు. అందుకే ఆరోగ్య బీమా ముప్ఫైల్లో, ఏ జబ్బూ లేనప్పుడు కొని వదలకుండా కట్టాలి. కంపెనీ మారాలనుకుంటే పోర్టబిలిటీ కింద మారితే గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. రెన్యువల్‌కు నెలన్నర ముందే దరఖాస్తు పెట్టండి. పాతది ఆపేసి కొత్తది కొంటే మళ్లీ మొదటి నుంచి మొదలు.

మూడోది డిశ్చార్జి సమ్మరీ. రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు "సుగర్ ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతారు. కంగారులో ఉన్న బంధువు "చాన్నాళ్ల నుంచండీ, పదేళ్లు ఉంటుందేమో" అంటారు. కేస్ షీట్‌లో పదేళ్లు అని పడిపోతుంది. నిజానికి రోగికి సుగర్ తేలింది మూడేళ్ల కిందట, పాలసీ తీసుకున్నది నాలుగేళ్ల కిందట. ఆ ఒక్క అంకెతో జబ్బు దాచినట్టయి క్లెయిం ఆగుతుంది. రోగితో ఉన్నవాళ్లు తెలిసిందే చెప్పాలి, తెలియనిది ఊహించి చెప్పకూడదు. మొదటిసారి సుగర్ తేలిన ల్యాబ్ రిపోర్టు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. సమ్మరీ డ్రాఫ్ట్ చేతికి రాగానే చరిత్ర గడిని చదివి, తప్పుంటే సంతకం కాకముందే చికిత్స చేసిన డాక్టరుతో మార్పించండి. తర్వాత మార్చిన కాగితాన్ని కంపెనీలు అనుమానంగా చూస్తాయి.

కేవలం పరీక్షల కోసం చేరితే క్లెయిం రాదన్నదీ గుర్తుంచుకోవాలి. జ్వరమని రెండు రోజులు ఉంచి రక్త పరీక్షలు, స్కానింగులే చేసి, నోటి మాత్రలు ఇచ్చి పంపితే తిరస్కరణ దాదాపు ఖాయం. ఎందుకు చేర్చుకోవాల్సి వచ్చిందో డాక్టరు రాతలో ఉండాలి. గ్లవ్స్, మాస్కులు లాంటి 68 వస్తువుల జాబితాకు డబ్బు రాదు. అవి కూడా కలిపే యాడ్-ఆన్ దొరుకుతుంది, ధర తక్కువైతే తీసుకోవచ్చు.

క్యాష్‌లెస్ అనుమతి కోసం ఆస్పత్రి అడిగిన గంటలోపు కంపెనీ జవాబివ్వాలి, డిశ్చార్జి బిల్లు అందిన మూడు గంటల్లోపు తేల్చాలి. ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వేసే చార్జీ కంపెనీదే. 2024 మే నుంచి ఉన్న నిబంధన ఇది. కాకపోతే గడియారం మొదలయ్యేది ఆస్పత్రి ఫైలు పంపినప్పటి నుంచి. ఉదయం రౌండ్స్‌లో డిశ్చార్జి చెప్పి, సాయంత్రం నాలుగింటికి ఫైలు పంపితే ఆ జాప్యం కంపెనీది కాదు. ఎన్నింటికి పంపారో బీమా డెస్కులో అడిగి రాసుకోండి.

ఎంత మొత్తానికి? హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్పొరేట్ ఆస్పత్రుల్లో చూపించుకునే కుటుంబానికి 10 లక్షలు కనీసం. బడ్జెట్ చాలకపోతే 5 లక్షల బేస్ పాలసీ, దాని మీద, బిల్లుల్లో మొదటి 5 లక్షలు వదిలేసి ఆ పైది ఇచ్చే 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాపప్ కొనండి. ఇక్కడ టాపప్, సూపర్ టాపప్ అనే రెండు పేర్ల మధ్య తేడా పెద్దది. ఒకే ఏడాదిలో 4 లక్షల చొప్పున రెండు బిల్లులు అయ్యాయనుకోండి. మామూలు టాపప్ ఒక్కో బిల్లును విడిగా చూసి, ఏదీ 5 లక్షలు దాటలేదు కాబట్టి ఏమీ ఇవ్వదు. సూపర్ టాపప్ రెండూ కలిపి 8 లక్షలుగా చూసి 3 లక్షలు ఇస్తుంది. సూపర్ అన్న మాట బాండు మీద ఉందో లేదో చూసి మరీ కొనండి.

అమ్మానాన్నలను మీ కుటుంబమంతటికీ కలిపి ఒకే మొత్తం ఉండే ఫ్లోటర్‌లో కలపొద్దు. ప్రీమియం అందరికన్నా పెద్దవారి వయసును బట్టి పడుతుంది, వాళ్ల క్లెయింతో పిల్లలకు మిగలకుండా పోవచ్చు. వాళ్లకు విడి పాలసీ తీసుకోండి. 65 దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వకూడదన్న వయసు పరిమితి ఇప్పుడు లేదు. ఇచ్చేవాటిలో కోపే, అంటే బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా, 20 శాతమో 30 శాతమో ఉంటుంది, దాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి. 70 నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద కుటుంబంలోని ఆ వయసువాళ్లందరికీ కలిపి ఏడాదికి 5 లక్షలు ఉన్నాయి. ఆధార్ ఉంటే చాలు, ఈ రోజే చేయించండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న ఇళ్లకు తెలంగాణలో పరిమితి 10 లక్షలు, 2023 డిసెంబరు నుంచి. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పెద్ద ఆపరేషన్లకు ఇవి నిజంగా ఆదుకుంటాయి. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే, నెట్‌వర్క్ ఆస్పత్రుల్లోనే పనికొస్తాయి.

కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఉందని సొంతది కొనకపోవడం ఐటీ ఉద్యోగుల్లో చాలా ఎక్కువ. ఉద్యోగం పోయిన నెలలోనే గుండెనొప్పి వస్తే ఆ కార్డు చెల్లదు. నలభై ఐదేళ్లప్పుడు, బీపీ వచ్చాక కొత్తగా కొనాలంటే మళ్లీ మూడేళ్లు ఆగాలి. చిన్నదైనా సొంత పాలసీ ఒకటి ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రమాద బీమా: చౌక, కానీ ఎవరూ అడగరు

చనిపోవడం కన్నా మంచాన పడటం ఇంటికి పెద్ద భారం. సంపాదన ఆగుతుంది, ఖర్చు పెరుగుతుంది. టర్మ్ పాలసీ ఇక్కడ రూపాయి ఇవ్వదు. దానికి తగిలించే ప్రమాద మరణ రైడర్ కూడా మరణానికే. విడిగా కొనే ప్రమాద బీమాలో శాశ్వత వైకల్యం, పాక్షిక వైకల్యం రెండూ ఉండాలి. రోజు పని చేస్తే గానీ డబ్బు రాని డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు తాత్కాలిక వైకల్యానికి వారం వారం ఇచ్చే భాగం కూడా తీసుకోవాలి. సరళ్ సురక్షా బీమా పేరుతో 2.5 లక్షల నుంచి కోటి దాకా అన్ని సాధారణ బీమా కంపెనీల్లోనూ ఒకే నిబంధనలతో దొరుకుతుంది.

బండి బీమాలో ఉండే 15 లక్షల ఓనర్-డ్రైవర్ కవరేజీ చాలదా అని అడుగుతారు. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే, లైసెన్సు ఉంటేనే అది వర్తిస్తుంది. మన ఇళ్లలో బండి నాన్న పేరు మీద ఉంటుంది, నడిపేది కొడుకు. కొడుక్కి ఏదైనా అయితే అందులోంచి ఏమీ రాదు. కాబట్టి నడిపే మనిషి పేరు మీద విడి పాలసీ ఉండాలి. మద్యం తాగి నడిపితే ఏ ప్రమాద పాలసీ అయినా ఆగిపోతుంది. ఎఫ్ఐఆర్ వేయించడం మానొద్దు.

క్రిటికల్ ఇల్‌నెస్, ప్రయాణ బీమా

జబ్బు తేలగానే ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు రెండో వరసలోవి. టర్మ్, ఆరోగ్యం, ప్రమాదం మూడూ ఉన్నాక, కుటుంబంలో క్యాన్సర్ లేదా గుండెజబ్బుల చరిత్ర ఉంటే ఆలోచించండి. నిర్వచనాలు చాలా కఠినం. బైపాస్ అంటే ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్, స్టెంట్ వేస్తే దాని కింద రాదు. తొలి దశ క్యాన్సర్లు చాలావాటిలో ఉండవు. కొన్న 90 రోజుల్లోపు తేలితే ఇవ్వరు, తేలాక 30 రోజులు బతికుండాలి అనే షరతు కూడా సాధారణం.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ప్రయాణ బీమా కొనకుండా విమానం ఎక్కించొద్దు. ఒక్కో చికిత్సకు ఇంత అని కట్టేసే ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం చౌక, కానీ అక్కడి బిల్లుకు ఏమాత్రం సరిపోదు. కాంప్రిహెన్సివ్ రకమే తీసుకోండి. ముందు నుంచి ఉన్న జబ్బు అకస్మాత్తుగా ముదిరితేనే కవరేజీ, దానికీ వయసు పరిమితి ఉంటుంది. రోజువారీ బీపీ, సుగర్ మాత్రలకు రాదు. ఉండబోయే నెలలకు సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్‌తో సహా ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి.

క్లెయిం కొట్టేస్తే

ఫోన్‌లో కాదన్న మాటకు విలువ లేదు. తిరస్కరణ లేఖ రాతపూర్వకంగా, ఏ క్లాజు కింద కొట్టేశారో స్పష్టంగా రాసి ఇమ్మని అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు హైదరాబాద్ కార్యాలయమే. తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బాండు, దరఖాస్తు ప్రతి, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, తిరస్కరణ లేఖ, కంపెనీకి రాసిన ఈమెయిల్ ఈ వరసలో పెట్టి, మీ వాదన ఒక పేజీ దాటకుండా రాయండి. తెల్లకాగితం మీద తేదీల వారీగా ఏం జరిగిందో రాసి ఫైలు పైన పెడితే విచారణలో పని సులువవుతుంది.